బిడ్డ గది గురించి మాకు ఒక్క కాగితం ఇవ్వండి: బెంగళూరు డాక్టర్లకు బహిరంగ లేఖ

బెంగళూరులోని ప్రసూతి వైద్యులకు, పిల్లల డాక్టర్లకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు,

నమస్కారం.

మీ ఓపీ బయట కుర్చీల్లో కూర్చునేవాళ్ళం కాబట్టి మీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో మాకు కొంత తెలుసు. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ముందే రచ్చకెక్కాలని అనుకోలేదు. మేం చూపించుకుంటున్న ఆసుపత్రికే మొదట మెయిల్ పెట్టాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని కంప్యూటర్ పంపిన జవాబు వచ్చింది. మళ్ళీ రాస్తే అదే వాక్యం మళ్ళీ వచ్చింది. గైనకాలజిస్టు గారిని అడిగితే "గది సంగతులు పిల్లల డాక్టరు చెప్తారు" అన్నారు. పిల్లల డాక్టరు గారి అపాయింట్‌మెంట్ కోసం కౌంటరుకు వెళ్తే "బేబీ పేరు మీద ఫైలు ఉండాలి సార్, డెలివరీ అయ్యాక రండి" అన్నారు. పుట్టని బిడ్డకు ఫైలు ఉండదు. ఫైలు లేకపోతే ప్రశ్న అడగడానికి లేదు.

మా ఆవిడకు ఇప్పుడు ఎనిమిదో నెల. నేను అడిగింది పెద్ద వైద్య సమస్య కూడా కాదు. బిడ్డను ఎక్కడ, దేని మీద పడుకోబెట్టాలి? ఆ గదికి రంగు వేయించవచ్చా? వేయిస్తే ఏ రంగు, ఎప్పటిలోగా? దోమలకు ఏం చేయాలి? గుడ్డల బీరువాలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు? ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి మీ ఆసుపత్రుల్లో ఎవరో నాకు ఇంతవరకూ తెలియలేదు.

మన ఇళ్ళల్లో పూర్వం ఈ ప్రశ్నే పుట్టేది కాదు. కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్ళేది. బిడ్డ పుట్టకముందే తొట్టె కొంటే మంచిది కాదనేవాళ్ళు. పుట్టాక పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసేవాళ్ళు. బారసాలకు ఎవరింట్లోనో అటక మీద ఉన్న ఉయ్యాల దిగేది. ఆ నమ్మకంలో నిజమెంతో నాకు తెలీదు గానీ, బిడ్డ చుట్టూ సామాను మాత్రం తక్కువగా ఉండేది. ఇప్పుడు మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉండే మాలాంటివాళ్ళలో చాలామందికి కాన్పు ఇక్కడే. ఆమెకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. తండ్రికి ప్రైవేటు ఉద్యోగంలో చట్టం ప్రకారం ఒక్క రోజు కూడా లేదు, కంపెనీ దయతలిస్తే ఇస్తుంది. అత్తగారు ఊరి నుంచి ఇక్కడికే వస్తారు. భార్య కడుపుతో ఉన్నప్పుడు మొగుడి చేతికి దొరికే పని ఏముంటుంది? గది ఒక్కటే. అందుకే రాత్రి ఆఫీసు కాల్స్ అయ్యాక ఫోన్ తీసుకుని 'బేబీ రూమ్' అని వెతుకుతాడు.

అక్కడ జవాబులకు కొదవ లేదు. తెలుగులోనే బోలెడన్ని. గది మొత్తం తిప్పి చూపించే వీడియోలు, కింద కొనుక్కోవడానికి లింకులు. ఒకరు క్రిబ్ (కటకటాలున్న పసిపిల్లల మంచం) చుట్టూ మెత్తలు కట్టమంటారు, ఇంకొకరు ఆవాల దిండు లేకపోతే తల చప్పిడి అయిపోతుందని భయపెడతారు. ఈశాన్యంలో తొట్టె ఉండకూడదని ఒకాయన, ఈశాన్యంలోనే ఉండాలని ఇంకొకాయన. ఇందులో ఏది అమ్మకం, ఏది అనుభవం, ఏది వైద్యం అన్నది విడదీసి చెప్పే మనిషి లేడు. చెప్పగలిగినవాళ్ళు మీరు. మీరు చెప్పడం లేదు.

మీరు చెప్పకపోవడం వల్ల మామూలు ఇళ్ళల్లో ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. పడక. మా వాళ్ళ ఇళ్ళల్లో నేను చూసిన క్రిబ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. చుట్టూ బంపర్లు, అంటే లోపలి అంచులకు కట్టే మెత్తలు, లోపల మెత్తటి పరుపు, రెండు దిండ్లు, బొంత, మూలన ఓ ఏనుగు బొమ్మ. ఫొటోకు ముచ్చటగా ఉంటుంది. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించి ఇచ్చిన సూచనలు చదివితే ఇందులో ఒక్కటీ ఉండకూడదు. ఏటవాలు లేని గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక పక్కదుప్పటి, బిడ్డ వెల్లకిలా. అంతే. మెత్తటివి ముక్కుకు, నోటికి అడ్డుపడి ఊపిరి ఆడకుండా చేస్తాయి, ఆ నెలల్లో బిడ్డ తనంతట తాను తప్పించుకోలేడు. అమెరికాలో 2022లో ఏకంగా చట్టం తెచ్చి బంపర్ల అమ్మకం ఆపేశారు. ఒక పక్క కిందికి జారే క్రిబ్‌లను అంతకు ముందు, 2011లోనే నిషేధించారు. మన దగ్గర బంపర్ సెట్టు క్రిబ్‌తో పాటు ఫ్రీ.

అదే సూచనల్లో ఇంకో మాట ఉంది. బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ళ మంచానికి దగ్గరగా, వేరే పడక మీద నిద్రపోవాలి. వీలైతే కనీసం ఆరు నెలలు. అంటే ఇంత ఖర్చు పెట్టి అలంకరించే ఆ ప్రత్యేక గదిలో బిడ్డ ఒంటరిగా పడుకోకూడని కాలమే ముందుగా వస్తుంది. ఈ ఒక్క ముక్క ఐదో నెలలో ఎవరైనా చెప్తే ఎన్ని ఇళ్ళల్లో ఆ గది ఆలోచనే మారిపోతుందో ఊహించండి. మన అమ్మమ్మలు బిడ్డను పక్కలోనే వేసుకునేవాళ్ళు. పక్కలో వేసుకోవడానికీ, అదే గదిలో వేరే పడక మీద వేయడానికీ తేడా ఉందని మీరంటారు. సరే, మన మంచాలను, మన ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని ఆ తేడా మాకు వివరించండి. ఇంట్లో అత్తగారితో ఈ విషయం మాట్లాడాల్సింది మేం. మీ మాట వెనక లేకుండా మాట్లాడితే 'నలుగురిని పెంచాను, నాకు చెప్తావా' అంటారు.

2. ఆవాల దిండు. దీన్ని విడిగా రాయడానికి కారణం ఉంది. ఇది పాత అలవాటు, కొత్త వ్యాపారం రెండూ కలిసిన వస్తువు. తల గుండ్రంగా వస్తుందని అమ్ముతారు. తల ఆకారం సరిచేస్తాయని అమ్మే దిండ్లు పసిపిల్లలకు వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో హెచ్చరించింది. అలాంటి దిండ్లతో ప్రయోజనం ఉందని తేలలేదని, ఊపిరాడని ప్రమాదం మాత్రం ఉందని చెప్పింది. మెలకువగా ఉన్నప్పుడు పెద్దవాళ్ళు చూస్తుండగా బిడ్డను కాసేపు బోర్లా పడుకోబెడితే తల ఒకవైపే అణగకుండా ఉంటుందని మీకు తెలుసు. ఓపీలో ఆ సంగతి చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

3. రంగు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది బెంగళూరుకు బాగా తెలిసిన కథ.

గర్భిణి ఉన్న ఇంట్లో పాత రంగు గీకడం ఈ నగరంలో మామూలు విషయం. అద్దె ఇల్లు, ఓనరు ఎప్పుడో వేయించిన రంగు, కిటికీ గ్రిల్స్ మీద పొరలు పొరలుగా ఎనామిల్. పెయింటరు ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఇల్లంతా దుమ్ము. ఆ పాత పొరల్లో సీసం, అంటే లెడ్, ఉండవచ్చు. గోడల మీద వేసే ఎమల్షన్ల కంటే తలుపులకు, గ్రిల్స్‌కు, ఇనుప మంచాలకు వేసే ఎనామిల్ రంగుల్లో, అందులోనూ పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో దీని బెడద ఎక్కువ. సీసానికి ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కడుపులోకి వెళ్ళిన సీసాన్ని పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. తల్లి నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. చేరాక పాడయ్యేది ముఖ్యంగా మెదడు.

ఈ సంగతి దేశానికి గట్టిగా చెప్పింది మీ ఊరి మనిషే. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ గారిని 'లెడ్ మ్యాన్ ఆఫ్ ఇండియా' అంటారు. 1990ల చివర్లో ఆయన, జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి పెద్ద నగరాల్లో పిల్లల రక్తం పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో సీసం అప్పటి హద్దు దాటి ఉందని తేలింది. 2000 నాటికి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. రంగుల మీద 2016 నవంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదు, ఏడాది తర్వాత 2017 నవంబరు నుంచి అమలు. అప్పటి నుంచి కూడా చిన్న కంపెనీల డబ్బాల్లో ఈ హద్దుకు ఎన్నో రెట్లు దొరికిందని ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షలు చేసి చెప్పింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో, తొమ్మిది నెలలు ప్రతి నెలా రక్తపరీక్ష, స్కాను, బీపీ రాసే ఫైల్లో "మీ ఇంట్లో పాత రంగు గీకిస్తున్నారా?" అనే ప్రశ్న ఒక్కటి ఎందుకు లేదు?

మా గ్రిల్ పనికి వచ్చిన పెయింటరుది కదిరి దగ్గర పల్లె. ఉప్పుకాగితం చేతిలోకి తీసుకుని మా ఆవిడను చూశాడు. "అమ్మగారు ఇంట్లో ఉంటే నేను గీకను సార్, ఎక్కడికైనా పంపించండి" అని పక్కన పెట్టేశాడు. తడిపి గీకుతానని, ఆ తర్వాత చీపురు వేయకుండా తడిగుడ్డతోనే తుడవాలని కూడా అతనే చెప్పాడు. ఎన్ని సెమినార్లకు వెళ్ళి నేర్చుకున్నాడో! అతని ముఖానికి మాత్రం మాస్కు లేదు. అతని పిల్లలు సైటు దగ్గరి షెడ్డులో ఉంటారు. ఆ దుమ్ము అతని చొక్కా మీద షెడ్డు దాకా వెళ్తుంది. మా అపార్ట్‌మెంటు సమస్య అతనికి రెండింతలు.

ఫోన్‌లో దొరికే సలహా ఇందుకు పూర్తిగా వేరు. "నాన్ టాక్సిక్ అని డబ్బా మీద ఉంటే చాలు" అంటారు. ఆ మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మేం చూడాల్సింది సీసం 90 పీపీఎం లోపు అని డబ్బా మీద ఉందా లేదా అన్నది. దాని పక్కన, కొత్త రంగు వాసన పోవడానికి కిటికీలు తెరిచి ఎన్ని రోజులు గది ఖాళీగా ఉంచాలన్నది. ఇది మీరు చెప్తే పెయింటరు వింటాడు, ఓనరు వింటాడు. నేను చెప్తే ఓనరు "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసుకుంటాను, ఇప్పుడు మీరేమైనా చేసుకోండి" అంటాడు. ఈ ఊళ్ళో అద్దెకుండేవాళ్ళందరికీ తెలిసిన మాటే.

4. కలరా ఉండలు, కర్పూరం, పొగ. బిడ్డ గుడ్డలు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి దాచమనే వీడియోలు ఉన్నాయి. మన ఇళ్ళల్లో అలవాటు కూడా ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివాళ్ళకు ఆ గుడ్డల వాసనతోనే ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదిరి, మెదడు దెబ్బతినే దాకా పోవచ్చు. ఆ లోపం మగపిల్లల్లో ఎక్కువ. పరీక్ష చేస్తే తప్ప తమ బిడ్డకు ఉందో లేదో తల్లిదండ్రులకు తెలియదు. అత్తగారు ఊరి నుంచి ప్రేమగా తెచ్చే పాత మెత్తటి గుడ్డల మూట ట్రంకు పెట్టెలో నుంచే వస్తుంది, అందులో కలరా ఉండలు ఉంటాయి. ఆ గుడ్డలు ఎలా ఉతకాలి, ఎంతసేపు ఎండలో వేయాలి, అసలు వాడొచ్చా? అడగడానికి మనిషి లేడు.

దోమల భయం మాత్రం నిజం. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా నోటిఫై చేసింది. ఆ భయంతో తొట్టెకు కర్పూరం మూటలు కడుతున్నారు, రాత్రంతా దోమల చుట్ట వెలిగిస్తున్నారు. కర్పూరం మింగితే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. మూయని కిటికీకి జాలీ, తొట్టెకు గొడుగులాంటి దోమతెర అనే సాదా జవాబు ఉంది. అందులో కమీషన్ ఉండదు కాబట్టి దానికి వీడియో లేదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ, బాలింత గదిలో కుంపటి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఊళ్ళో పెంకుటింట్లో ఆ పొగ ఎటో పోయేది. అల్యూమినియం కిటికీలు బిగించిన పదో అంతస్తు గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ ఎటు పోతుంది?

5. శబ్దం, మెరుపులు. జోకొట్టే 'వైట్ నాయిస్' యంత్రాలు తొట్టెకే కట్టి చూపిస్తున్నారు. 2014లో కెనడాలో 14 యంత్రాలు పరీక్షిస్తే కొన్ని దగ్గర నుంచి 85 డెసిబెల్స్ దాటాయి. గది అవతల, తక్కువ శబ్దంతో పెట్టాలన్న మాట వీడియోలో ఉండదు. క్రిబ్ పైన వేలాడే లైట్ల తీగలు, బిళ్ళ బ్యాటరీలు అంతే. ఆ బ్యాటరీ మింగితే, లోపల ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఇక గోడల మీద మేఘాలు, జిరాఫీలు వేయించడానికి అయ్యే ఖర్చు గురించి ఒక చిన్న మాట: అప్పుడే పుట్టిన బిడ్డకు అడుగు లోపు దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది. జిరాఫీ నాన్న కోసమే.

6. డబ్బు. ఆఖర్లో రాస్తున్నాను గానీ ఇళ్ళల్లో ముందుగా తగిలేది ఇదే. కాన్పు ప్యాకేజీకి, సిజేరియన్ అయితే పైన పడే బిల్లుకు దాచుకున్న డబ్బు నెలల ముందే గదికి పోతోంది. మా ఆఫీసులో ఒకతను క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద క్రిబ్, బంపర్, మానిటర్ కొన్నాడు. బిడ్డ పుట్టాక ఇంక్యుబేటరులో ఉంచాల్సి వస్తే స్నేహితుల దగ్గర అప్పు అడిగాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. కొనొద్దని చెప్పేవాళ్ళు అతని చుట్టూ ఒక్కరూ లేరు.

ఇంతా చదివి "యూట్యూబ్ వాళ్ళు చేసినదానికి మమ్మల్ని అంటావేం" అనిపించవచ్చు. వాళ్ళ మీద అధికారం ఉన్న కార్యాలయం వేరే ఉంది. డబ్బు తీసుకుని వస్తువును పొగిడేవాళ్ళు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వడం మా పని, ఇస్తాం. కానీ ఎన్ని వీడియోలు తీసేయించినా, మీరు మాట్లాడని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

పైగా మీ మాటకు ఉన్న బలం చిన్నది కాదు. పాశ్చాత్య దేశాల్లో కొన్ని దశాబ్దాల పాటు డాక్టర్ల సలహాలే పసివాళ్ళను బోర్లా పడుకోబెట్టమన్నాయి. సలహా తప్పుగా ఉండడానికి ఇంటర్నెట్ అవసరం లేదని అప్పుడే తేలింది. తర్వాత ఆ డాక్టర్లే మాట మార్చి, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టండి అనే ప్రచారం మొదలుపెడితే, నిద్రలో పసివాళ్ళు హఠాత్తుగా చనిపోవడం సగానికి పైగా తగ్గింది. మందు లేదు, యంత్రం లేదు. డాక్టరు, నర్సు, కరపత్రం.

మన ప్రభుత్వ వ్యవస్థలో కూడా ఈ ఆలోచన ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళి బిడ్డను చూసే పద్ధతి 2011 నుంచి ఉంది. బిడ్డ ఎక్కడ పడుకున్నాడో ఒక మనిషి కళ్ళతో చూస్తుంది. మేం లక్షలు కట్టే ప్రైవేటు ఆసుపత్రిలో దానికి బదులు ఓ గిఫ్టు బ్యాగు ఇస్తారు. మాకిచ్చిన దాంట్లో లోషను, క్రిబ్ సెట్టు మీద తగ్గింపు కూపను, పాలసీసా మీద ఇంకో కూపను ఉన్నాయి. పాలడబ్బాలు, పాలసీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చిందని ఆ బ్యాగు సర్దినవాళ్ళకు తెలుసో లేదో. అదే ఆసుపత్రి పెట్టే గర్భిణుల క్లాసు వారం మధ్యలో పగలు పదకొండు గంటలకు, భర్తలు వస్తే బయట కూర్చోమన్నారు. క్లాసులో నేర్పింది ఊపిరి తీసుకోవడం. గది గురించి అడిగితే ఒక వీడియో చానల్ పేరు చెప్పారట.

కాబట్టి అడుగుతున్నాం:

1. ఏడో నెల వచ్చేసరికి ప్రతి గర్భిణి ఫైల్లో బిడ్డ గది గురించి ఒక్క కాగితం పెట్టండి. పడక, రంగు, దోమలు, కలరా ఉండలు, పొగ, బ్యాటరీలు. రెండు వైపులా అచ్చు వేస్తే సరిపోతుంది. దాని మీద ఏ కంపెనీ బొమ్మా ఉండకూడదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ తల్లిదండ్రుల కోసం ఇంగ్లీషులో మార్గదర్శకాలు రాసి పెట్టింది. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు.

2. ఆ కాగితం ముందుగా కన్నడంలో ఉండాలి, ఇది వాళ్ళ నేల. దాంతోపాటు తెలుగు, తమిళం, హిందీ, ఉర్దూల్లో కూడా. బిడ్డను రాత్రంతా చూసుకునేది అత్తగారో, అమ్మో. ఇంగ్లీషు కాగితం ఆమెకు అక్కరకు రాదు. తెలుగు అనువాదం, ప్రూఫులు మేం ఉచితంగా చేసి ఇస్తాం, మీలో ఒకరు సరిచూసి సంతకం పెడితే చాలు.

3. బిడ్డ పుట్టకముందే పిల్లల డాక్టరును ఒకసారి కలిసే ఏర్పాటు చేయండి, భర్తతో సహా. అమెరికాలో ఆఖరి మూడు నెలల్లో ఇలా కలవమని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే చెప్తోంది. ఫీజు తీసుకోండి, అభ్యంతరం లేదు. తల్లి పేరు మీదున్న ఫైలుతోనే ఆ అపాయింట్‌మెంట్ ఇవ్వమని కౌంటరుకు చెప్పండి.

4. మొదటి చెకప్‌లో అడిగే ప్రశ్నల్లో మూడు కలపండి: ఇంట్లో పాత రంగు గీకిస్తున్నారా, ఇంట్లో ఎవరైనా పెయింటింగ్, బ్యాటరీ పనులు చేస్తారా, కుంపటి వాడతారా. సీసం అనుమానం ఉన్నచోట రక్తపరీక్ష ఎక్కడ చేయించుకోవాలో రాసి ఇవ్వండి. సైట్లలో పనిచేసే కూలీల కుటుంబాలకు ఇది ఉచితంగా అందేలా నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రులతో మాట్లాడండి. మా మాట కంటే మీ మాట అక్కడ త్వరగా చేరుతుంది.

5. గిఫ్టు బ్యాగులు, లాబీలోని స్టాళ్ళు ఆపండి. పాలసీసా కూపన్లయితే ఈ రోజే ఆపండి, అది చట్టం. తెల్లకోటు వేసుకుని వీడియోల్లో క్రిబ్‌లను, దిండ్లను పొగిడే మీ తోటివాళ్ళకు 2002 వైద్యుల నియమావళిని ఒకసారి గుర్తు చేయండి. తన పేరుతో, ఫొటోతో ఏ వస్తువుకూ ప్రకటనలో సిఫారసు ఇవ్వకూడదని అందులో ఉంది. మీ సంఘాలు ఇలాంటివాటి మీద ఫిర్యాదులు ఎక్కడ తీసుకుంటాయో బయటకు చెప్పండి.

6. గర్భిణుల క్లాసుల్లో కనీసం ఒక్కటి ఆదివారం పెట్టండి, మమ్మల్ని లోపలికి రానివ్వండి.

మా ఆవిడ కాన్పు లోగా ఇవన్నీ జరుగుతాయని నేను అనుకోవడం లేదు. మొదటిదానికి మాత్రం ఎక్కువ సమయం అక్కర్లేదు. ఈ ఉత్తరం కాపీ మేం చూపించుకుంటున్న ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంటుకు, నగరంలోని ప్రసూతి, శిశు వైద్యుల సంఘాలకు, రాష్ట్ర ఆరోగ్య శాఖకు పంపుతున్నాను. నెల రోజుల్లో జవాబు రాకపోతే పాలసీసా కూపను ఫొటోతో సహా ఆరోగ్య శాఖకు, వినియోగదారుల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాం. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు ఉండే తెలుగు కుటుంబాలవాళ్ళు కొందరు సంతకాలు పెట్టడానికి ఒప్పుకున్నారు. పెయింటరు కూడా పెడతానన్నాడు.

ఇట్లు,
తండ్రి కాబోతున్న ఒక తెలుగువాడు,
మహదేవపుర, బెంగళూరు